సీసం గుళ్లు

ఆ రాత్రి మావాళ్లు తగలబెట్టిన వలలు
తెల్లారేసరికి నల్లటి ముద్దలు.
నైలాను కరిగిపోయింది,
సీసం గుళ్లు మాత్రం మిగిలినయ్.

సర్పంచి అరిగెల నాగూరమ్మ
బూడిదలో గొంతుక్కూర్చోని
వాటిని ఒక్కోటే ఏరి, కొంగుతో తుడిచి
రొయ్యల గంపలో వేస్తోంది,
బియ్యంలో రాళ్లేరినంత నిదానంగా.

"ఏందక్కా అది?"
"వాళ్ల సొత్తు. ఇచ్చేసొద్దాం, ఆటో తియ్."

కాలవ అవతల దిబ్బపాళెం.
వారం కిందట మా మూడు పడవలు
పట్టి కట్టేసుకున్నది అక్కడే.
పద్నాలుగేళ్ల పోలేరయ్య కన్ను పోయిందీ అక్కడే,
కావలి ఆసుపత్రికి చేరకముందే.
ఎస్సై జీపు పంపిస్తానన్నాడు.
"జీపులో పోతే జీపుతోనే మాట్లాడతారు సార్" అన్నది.

ఇసకలో కూరకపోతా పోయినాం.
గట్టుమీద నూటయాభై మంది, చేతుల్లో తెడ్లు.
నేను ఇంజను ఆపలేదు.
ముందు చక్రం మా ఊరివైపు తిప్పి పెట్టుకున్నా.
వెనక్కి చూడకుండానే అన్నది:
"ఆపెయ్ రా. పారిపోను దారి పెట్టుకోనుంటే
మన మాట ఎవురు వింటారు?"

ఆపినా.
ఆ తర్వాత సముద్రమొకటే వినబడింది.

గంప దించి, తూకం వెయ్యమన్నది.
తిట్టుకుంటానే ఎవురో చేపల కాటా తెచ్చినారు.
పద్దెనిమిది కిలోల ఆరొందలు.
"ఇంకా రావాల" అన్నాడు వాళ్ల పెద్దకాపు.
"వస్తాయి. రేపు మళ్లా ఏరతా."
గుంపులోంచి ఆలిచిప్పొకటి వచ్చి నుదుట తగిలింది.
నెత్తురు తుడుచుకోలేదు. చిప్పను తీసి కాటాలో వేసి
"ఇది నా పద్దులో రాసుకోండి" అన్నది.
ఒక ముసలామె నవ్వింది. ముందు ఆమే నవ్వింది.

నాలుగు రోజులు తిరిగినాం.
అయిదోనాడు మా పడవలు మూడూ
ఒకదాని తోక ఒకటి పట్టుకోని కాలవ దాటొచ్చినయ్.
తోలుకొచ్చింది వాళ్ల పిల్లోళ్లే.

మా ఊళ్లో ఆమెకు గుళ్లమ్మని పేరు పెట్టినారు.
అమ్ముడుపోయిందని నీళ్లట్యాంకు మీద బొగ్గుతో రాసినారు.
సొంత మరిది ఇంటిముందు నడవడం మానేసినాడు.
మరుసటేడు నలభై మూడు ఓట్లతో ఓడిపోయింది.

పోలేరయ్య మా అక్క కొడుకు.
ఆ నలభై మూడులో నాదొకటి.

ఇప్పుడు వాడు దిబ్బపాళెం బోటు మీదే సరంగు.
ఒంటికన్నుతో చీకట్లో ఒడ్డు పోల్చుకుంటాడు.

నాగూరమ్మ ఎండుచేపల మూటతో
బుధవారం బుధవారం నా ఆటో ఎక్కుతుంది.
కిరాయి దగ్గర రూపాయి వదలదు.
నేను బండి తిప్పుతుంటే అడుగుతుంది,
"ముందు చక్రం ఎటు పెట్టినావు రా?"

నవ్వుతా.
ఓటు సంగతి ఇంకా చెప్పలేదు.