ప్లగ్ పాయింట్ ఉన్న బల్ల

ఇంట్లో పని సాగడం లేదు.
పక్కింటివాళ్లు పెరట్లో చెక్క వసారా వేయిస్తున్నారు.
మూడు వారాలుగా వాళ్ల రంపం
నా మీటింగులన్నిటికీ హాజరవుతోంది.

అందుకని మెల్‌బోర్న్ ఉత్తరాన
అప్‌ఫీల్డ్ రైలు ఆగిన చోటల్లా దిగి
కాఫీ కొట్లు వెతికాను,
పిల్లనివ్వడానికి వెళ్లినంత ఆరాగా.

కోబర్గ్‌లో కాఫీ అమృతం, కుర్చీ శిక్ష.
వీపు లేని స్టూలు మీద గంట కూర్చున్నాక
నడుము నాతో మాటలు మానేసింది.
తర్వాతి స్టేషన్లో వైఫై ఉంది,
పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడే సెలవులో ఉన్నాడు.
ఇంకోచోట అన్నీ కుదిరాయి,
గోడ మీద పలకతో సహా:
"ఇది కెఫే. మీ ఆఫీసు కాదు."
నిజమే కదా.
టికెట్ లేకుండా దొరికినట్టు
తల వంచుకుని బయటికొచ్చాను.

ఒక్క కప్పుకి ఎంతసేపు కూర్చోవచ్చు?
ఏ శాస్త్రమూ చెప్పలేదు, నేనే రాసుకున్నాను:
గంటకో కాఫీ,
భోజనాల వేళకి బల్ల ఖాళీ,
ఫోనొస్తే వెనక చెత్తడబ్బాల దగ్గర నిలబడి మాట్లాడాలి.

చివరికి ఫాక్నర్‌లో దొరికింది,
టైర్ల షాపుకీ, ఎప్పుడో మూసేసిన వీడియో దుకాణానికీ మధ్య
ఇరుక్కుని.
బోర్డు మీద పేరు లేదు. కాఫీ, పైలు, తాళంచెవులు.
యజమానురాలు డెస్పీనా
పిండి అంటిన చేత్తో కుర్చీ జరిపి,
మూల బల్ల కింద మోకాళ్ల మీద వంగి,
ఐస్‌క్రీమ్ పెట్టె వైరు పీకి
నా చార్జర్ పెట్టింది.
"జూలై చలిలో ఐస్‌క్రీమ్ ఎవడు తింటాడు?"

నా పనేమిటో చెప్పలేదు కదూ.
వరదలో మునిగిన ఇళ్ల ఫోటోలు చూస్తాను.
గోడ మీద నీటిగీత ఎంత ఎత్తున ఉందో,
ఆ నీళ్లు పైనుంచి కురిశాయో
ఏరు పొంగి వచ్చాయో
తేలుస్తాను.
వానకి బీమా ఉంటుంది,
ఏటికి చాలామంది కట్టి ఉండరు.
ఉబ్బిన తలుపులు, బురద తాగిన పియానో,
ఫ్రిజ్ మీద ఇంకా అంటుకునే ఉన్న స్కూలు టైంటేబులు.
"చింతిస్తున్నాము" అన్న వాక్యాన్ని
ఒకే మీటకి కట్టిపెట్టుకున్నాను.
నొక్కితే చాలు, మొత్తం పడుతుంది.

పక్క బల్ల నాజరేనోది.
పదిహేనేళ్లప్పుడు మాల్టాలో ఓడెక్కినవాడు,
ట్రాముల షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు బ్రేకులు బిగించినవాడు.
పేపర్లో పదాల గళ్లు నింపుతాడు, పెన్నుతోనే,
తప్పయితే దాని మీదే ఇంకోసారి.
"రోజంతా రాస్తూనే ఉంటావు,
దయకి పది అక్షరాల మాట చెప్పు."
కాల్‌లో ఉన్నాను, చెప్పలేదు.

ఒక గురువారం పర్సులోంచి
నాలుగు మడతల కాగితం తీశాడు.
సీమోర్ దగ్గర, ఏటి ఒడ్డున
రెండు గదుల రేకుల షెడ్డు, అతని చేపల గాలాలు,
భార్య కుట్టుమిషను.
అన్నీ ఒక్క రాత్రిలో.
చదివి పెట్టమన్నాడు,
కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని.
పదేళ్లుగా కంఠతా వచ్చిన ఉత్తరానికి
అద్దాలెందుకో!

కంపెనీ మాది కాదు.
వాక్యం మాదే.
కామా ఉన్న చోట కూడా మాదే.

"రాసినవాణ్ణి ఏమనగలం?" అన్నాడు తనే.
"ఏ చల్లటి గదిలోనో
తిండీతిప్పలూ లేకుండా కూర్చుని రాసుంటాడు."
నా ముందు పైలోంచి ఆవిరి వస్తోంది.
డెస్పీనా ఆ రోజు దానికి డబ్బు తీసుకోలేదు,
ఎందుకో అడగలేదు నేను.

కెఫే మారుద్దామనుకున్నాను.
స్క్రీన్ గోడవైపు తిప్పి కూర్చుందామనుకున్నాను,
వైరు అందలేదు.
ఆ మీట విప్పేశాను మాత్రం.
ఇప్పుడా మాటని అక్షరం అక్షరం కొడుతున్నాను,
మధ్యలో ఆగి
ఫోటో మళ్లీ తెరుస్తున్నాను,
నీటిగీత కొలుస్తున్నాను,
పైకప్పులో చిల్లు కోసం వెతుకుతున్నాను.

ఎందుకింత ఆలస్యమని మేనేజరు ఫోను.
వైఫై బాగోలేదన్నాను.

డెస్పీనా విననట్టు
తుడిచిన కప్పునే మళ్లీ తుడుస్తోంది.
ఇక్కడ వైఫైకి ఏ లోటూ లేదు.