ఇతర ఖర్చులు

హెరిఫోర్డ్‌లో వాన పట్టిందంటే
మా ఆఫీసు కిటికీలోంచి చర్చి గోపురం కనబడదు.
మా పనీ అంతే, బయటికి కనబడదు.
బోర్డు మీద రిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది.
తుపాకి బొమ్మ ఎక్కడా ఉండదు.

పదకొండేళ్లుగా ఇక్కడ పద్దులు రాస్తున్నాను.
ఎండ మండే ఊళ్ల బిల్లులు
ఈ తడి ఊళ్లో కూర్చుని వరసలో పెడతాను.
కొన్నిటి మడత విప్పితే
కీబోర్డు మీద ఇసుక రాలుతుంది.
ఉఫ్‌మని ఊదేస్తాను.

ఆ నెల కవరులో
బండి ముందద్దం, నాలుగువందల పన్నెండు పౌండ్లు.
తూటాలు ముప్పైఒకటి.
గార్డుకి రెండు రోజుల విశ్రాంతి, జీతంతో.
అడుగున గుండుసూది గుచ్చిన రసీదు:
సంతాప చెల్లింపు, రెండున్నర వేల డాలర్లు.
ఏ ఖాతాలో వెయ్యమంటారని అడిగాను.
ప్రోబర్ట్ గారు కప్పులోంచి టీ బ్యాగు తీస్తూ
"ఇతర ఖర్చులు" అన్నారు.
వేశాను.
అద్దం డబ్బులు మాత్రం ఇన్సూరెన్సులో తిరిగొచ్చాయి.

రసీదు ఇంగ్లీషులో ఉంది.
ఇకపైన ఏ కోర్టుకీ ఎక్కనని,
ఇది కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టు కాదని.
కింద సంతకం లేదు, వేలిముద్ర.
ఊదా సిరా ఒక పక్క అలుక్కుపోయి,
మధ్యలో అడ్డంగా పాత కత్తిగాటు.
పుచ్చకాయలు కోసి అమ్మేవాడట. పేరు హాతిమ్.
పక్క సీట్లో కూతురు.
ఆ సంగతి రసీదులో లేదు.
మూడేళ్ల తరవాత లండన్ లాయరు ఉత్తరంలో ఉంది,
జుమానా, తొమ్మిదేళ్లు, అని.

ఎవరిది పూచీ అంటే
ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు:
కాల్చినవాడు మా ఉద్యోగి కాడు, సబ్ కాంట్రాక్టరు మనిషి.
సబ్ కాంట్రాక్టరంటే ఏదో దీవిలో ఒక పోస్టు డబ్బా.
అక్కడి చట్టం మావాళ్లకి అంటదు,
ఇక్కడి చట్టం ఆ వంతెన దాకా నడవదు.
నిరుడు కంపెనీ పేరే మార్చేశాం,
కాఫీ మగ్గులతో సహా.
విడివిడిగా చూస్తే ఒక్కటీ అబద్ధం కాదు.

శుక్రవారంలోగా పాత పెట్టెలు ఖాళీ చెయ్యమన్నారు.
కాగితాలు నమిలే మిషను
కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు చేస్తుంది.
దానిలో గుండుసూది పడకూడదు, ముందే తియ్యాలి.
అలా తీస్తుంటే మళ్లీ చేతికొచ్చింది
ఆ గాటున్న బొటనవేలు.
డిలిస్ నా మొహం చూసింది, కాగితం చూసింది.
మిషను ఆపేసి
"పాలు అయిపోయాయి, తెస్తాను" అని వెళ్లింది.
ఫ్రిజ్‌లో పాలున్నాయి.

లెక్క రాయడం నాకు వచ్చు.
లెక్క అప్పజెప్పడం ఎవరూ నేర్పలేదు.

పోస్టాఫీసులో కవరు తూకం వేసి
కుర్రాడు అందరినీ అడిగేదే అడిగాడు:
"లోపల విలువైనదేమైనా ఉందా? ఎంత రాయమంటారు?"
ఎనిమిది గ్రాములుంది.
వెనక క్యూలో ఎవరో గొడుగు విదిలించారు.
నాకు తెలిసిన అంకె ఒక్కటే,
అది ఆ గడిలో రాయడానికి
నోరు రాలేదు.