నీలి గాజు ముక్క

అమలాపురం భూసార పరీక్షా కేంద్రం, రెండో గది.
ఇక్కడ ఫ్యాను వెయ్యకూడదు, మంట కదుల్తుంది.
రోహిణి ఎండలైనా అంతే.

పొద్దున్నే ముందు డిస్టిల్డ్ వాటర్ తాగిస్తాను యంత్రానికి.
సున్నా చూపించాలి.
ఏమీ లేనిచోట ఏమీ లేదని ఒప్పుకున్నాకే
ఉన్నదాని గురించి దాన్ని అడగాలి.
ఈ మర్యాద మనుషుల్లో చాలామందికి తెలీదు.

తర్వాత సన్న గొట్టం
మట్టి నానిన నీళ్లని పీలుస్తుంది.
నీలం మంట ఒక్క క్షణం తటపటాయించి
పసుపు కక్కుతుంది.
ఐదువందల ఎనభైతొమ్మిది నానోమీటర్లు,
సోడియం.
ఉప్పెప్పుడూ అంతే, పిలవకముందే పలుకుతుంది
కుళాయి నీళ్లలోంచి, నా చేతి చెమటలోంచి,
ఓడలరేవు వైపునించి కొట్టే గాలిలోంచి కూడా.

మా నాన్న ముసలయ్య ఈ యంత్రాన్ని చూళ్లేదు.
తీర్థాలకి బాణసంచా కట్టేవాడు.
స్ట్రాన్షియం, బేరియం అన్న పేర్లు వినలేదు.
ఎర్రుప్పు, పచ్చుప్పు,
నీలానికి మైలుతుత్తం.
చిటికెడు తీసి పొయ్యిలో వేసి
మంట మొహం చూసి
కొట్టువాడు ఏం కలిపాడో చెప్పేసేవాడు.
ఎడంచేతికి మూడు వేళ్లే ఉండేవి.
మిగతా రెండూ ఏ రంగులో కాలిపోయాయో
ఎవరడిగినా చెప్పలేదు.

మధ్యాహ్నం గోడితిప్ప నించి పల్లాలమ్మ వచ్చింది.
యూరియా సంచిలో మట్టి,
థమ్సప్ సీసాలో బోరు నీళ్లు,
బస్సంతా ఒళ్లోనే పెట్టుకుని.
ఎకరం ముప్పై సెంట్లు. స్వర్ణ పండేది.
మూడు పక్కలా రొయ్యల చెరువులు లేచాక
నాటిన పదోనాటికే ఆకు కొసలు మాడుతున్నాయి.
ఎవరో దీపంతో చుర్రుమనిపించినట్టు.

"ఆయ్, ఉప్పేనాండీ?"
ఉప్పే.
అంకె వేసి కాయితం ఇచ్చాను.
ఆవిడ చదవలేదు, అంకె పొడుగు చూసింది.
"మరి ఏ సెరువుదో సెప్పదా ఇది?"

నేను యంత్రం వైపు చూశాను.
తూర్పు చెరువు ఉప్పూ, పడమటి చెరువు ఉప్పూ
అదే జంట గీత మీద వెలుగుతాయి.
ప్రెసిడెంటుగారి బావమరిది ఉప్పని
వేరే రంగేం రాదు.
సూర్యుడి ఒంట్లో ఏముందో
నేలమీంచే చదివేసిన విద్య ఇది.
గట్టవతల మోటారు వేసిందెవరో చెప్పలేదు.

"చెప్పదమ్మా" అన్నాను.
ఆవిడ నవ్వింది.
"అయితే ఇదీ మా ఊరి మడిసే."

ఎందుకో తెలీదు, సొరుగు తీశాను.
అందులో నాన్న గాజు ముక్క ఉంటుంది,
కోబాల్టు నీలం, ఒక మూల విరిగింది.
సూరేకారంలో ఉప్పు కలిపారేమోనని
అనుమానమొస్తే
దీన్ని కంటికి అడ్డం పెట్టుకుని మంట చూసేవాడు.

ఆవిడ మట్టినీళ్లనే మళ్లీ పట్టించి
గాజు ఆవిడ చేతికిచ్చి
పొగగొట్టం కిటికీలోంచి చూడమన్నాను.
నీలంలో పసుపు చచ్చిపోయింది.
దాని వెనకాల
సన్నగా, వంగపువ్వు రంగు.

"ఏటదీ?"
పొటాషు. నీ చేలోదే.
"ఇంకా ఉందా?"
ఉంది. ఉప్పు అంత గట్టిగా అరుస్తుంటే
దాని గొంతు వినపడదు.

చాలాసేపు చూసింది.
గాజు మీద వేలిముద్ర పడితే కొంగుతో తుడిచి ఇచ్చింది.
"కాయితం రెండు రాసియ్యండి.
ఒకటి తాసీల్దారుకి.
ఒకటి నాకాడ ఉంటది."

ఆవిడ వెళ్లాక గొట్టం కడిగాను.
మళ్లీ కడిగాను.
సంచి దులిపిన ధూళి గదిలో ఉన్నట్టుంది,
ఖాళీ నీళ్లకి కూడా
మంట అంచున పసుపు తొణుకుతూనే ఉంది.
ఆవేళ సున్నా రావడానికి
చాలా పొద్దు పట్టింది.