కొమ్ము వంచే ముందు

మొదట ఒక నల్ల దారం ఊగినాది.
చేత్తో తోలినాను, పోలేదు.
బూజనుకొని దాలమ్మ చీపురుతో కప్పంతా దులిపినాది,
నా కంట్లో ఉన్నదాన్ని దూలాల్లో వెతుక్కుంటూ.
మూడో నాడు
కొంగ మెడ మీద ఆకురాయి ఆడిస్తుంటే
కుడికంట్లో ఎర్రటి పొగ.
కొంగ లేదు. మెడ లేదు. నా వేళ్ళే లేవు.

పర్లాకిమిడి నుంచి బరంపురం బస్సు.
కిటికీలో మహేంద్రగిరి సగమే ఉన్నాది.

డాక్టరమ్మ ఒడియాలో చెప్పుకుపోయినాది.
'రొక్తొ' అన్న మాట దగ్గర
ఎవరూ తెలుగు చెయ్యక్కర్లేకపోయినాది.
పన్నెండేళ్ళ సుగరట.
కంటి వెనక పరదా మీద కొత్త నరాలు మొలిచినాయట,
పాత కంచె మీదికి పిచ్చి పాదు పాకినట్టు.
తగిలితే తెగుతాయట.
కోత తప్పదు, కానీ ఇయ్యాల కాదు.
ముందు కంట్లోకే ఒక సూది.
దానికి పాదు వాడాలి.
పచ్చి తీగ కోస్తే కారినంత
వాడిన తీగ కోస్తే కారదు కదా అన్నాది.
అయిదు రోజులాగి రమ్మన్నాది.

"కోసీదేదో ఇప్పుడే కోసీవచ్చు కదేటి?
మళ్ళీ బస్సు చార్జీలెవులిస్తారు?"
దాలమ్మ గొణుక్కున్నాది.
నాను మాటాడలేదు.
ముప్పయ్యేళ్ళుగా నా పని అదే కదా.
సెగ చూపకుండా వంచితే గేదె కొమ్ము పగులుద్ది.
కొబ్బరినూనె రాసి, నిప్పుల మీద తిప్పి తిప్పి
అది లొంగీ దాకా ఆగాల.
ఆగలేని మా గుంటడు బనమాలి
ఎన్ని కొమ్ములు విరిచినాడో!
ఆ ముక్కలన్నీ దువ్వెనలైపోనాయి.

కోత నాడు మెలకువగానే ఉన్నాను.
తెల్లటి వెలుగులో సన్నటి పుల్లొకటి ఈదింది.
పొర లేపుతున్నాది,
అచ్చం నాలాగే, ఊపిరి బిగబట్టి.

కట్టు విప్పితే పల్చటి టీ రంగు లోకం.
"ఇంతేనా? నయం.
సూది లేకపోతే ఇంకా కారీది" అన్నాది.
కావచ్చు.
సూది వెయ్యని అదే కన్ను ఇంకోటి లేదు కదా,
పక్కన పెట్టి తూచడానికి.

రాత్రుళ్ళు గోడకి చేరబడి కూచునే నిద్ర.
తల వాలిస్తే మడ్డి మళ్ళీ రేగుద్దట.
నాను ఒరిగిపోతే తెలియాలని
దాలమ్మ తన కొంగు నా మణికట్టుకి ముడేసుకొని
చాప మీద పడుకునీది.
ఎన్నిసార్లు లాగేసినానో పాపం.

నెత్తురు అడుక్కి దిగినాదన్నారు.
నాకు మాత్రం పైనే వేలాడుతున్నాది.
కన్ను లోకాన్ని తలకిందులుగా పట్టుకుంటాదట,
ఇన్నాళ్ళూ నాకెవులూ చెప్పలేదు.
అందుకే ముందు నేల తేటపడ్డాది.
దాలమ్మ మడమల పగుళ్ళు,
అరిగిపోయిన మట్టెలు.
పదకొండో పొద్దున్న నడుము దాకా దాలమ్మ.
మొహం ఇంకా రాలేదు.

కొట్లో ఆ సగం కొంగని ముందర పెట్టుకున్నాను.
కాళ్ళు కనిపిస్తున్నాయి.
మెడ మీద అడ్డంగా గీతుందో లేదో
వేలు పెట్టి చూస్తే ఉన్నాది,
ఆ రోజు ఆకురాయి జారిన చోటే.
బనమాలి లాక్కొని గబగబా తోమబోయినాడు.

"ఒరే, ఆగు.
ముందు నూనె రాయి."