ఇరవై మూడో ఫీడరు

కొన్నప్పుడు నా చిటికెన వేలంత.
డాబాగార్డెన్స్ సందులో దుకాణం కుర్రాడు
సంచికి రబ్బరుబ్యాండు బిగిస్తూ అన్నాడు:
"తొట్టి ఎంతుంటే అంతే పెరుగుద్ది సార్."
ఆ ముక్క చేపకి ఎవరూ చెప్పలేదు.

ఎర్రతోక జెల్ల. అమెజాన్ నీళ్లదట.
పిల్లి మీసాలు, తెల్లటి పక్కలు,
అప్పిచ్చి అడగలేనివాడిలా చూసే చిన్న కళ్లు.
మొదటి వారమే ముగ్గురు తోటివాళ్లని మింగింది.
రెండో నెల హీటరు రబ్బరు బిళ్ల మింగి
మూడ్రోజులు ఉపవాసం ఉండి కక్కేసింది.
మూడో ఏటికి నా మూరెడు దాటి,
ఆరడుగుల తొట్టిలో అటు వెళ్లి ఇటు తిరగాలంటే
తోక మడుచుకోవాల్సినంత అయింది.

ఆదివారాలు హార్బరుకి వెళ్తాను,
కవళ్లకీ, నలిగిన చిన్న రొయ్యలకీ.
గరికిన నూకాలు తట్ట మీద ఈగలు తోలుతూ నవ్వుతుంది:
"సేపకి సేపలు కొనీవోడివి
ఈ రేవులో నువ్వొక్కడివే బావూ.
ఓపాలి సంద్రంలో ఒగ్గీ,
దాని తిండి అదే సూసుకుంటాది."
నూకాలుకి ఎలా చెప్పను,
ఊరి పక్కన ఇంత నీరుంది,
దీనికి గుక్కెడు పనికిరాదని.
ముడసర్లోవలో వదిలితే అదింకో పాపం.
అక్కడి బొచ్చెలేం చేశాయి పాపం?

కంచరపాలెంలో మాది రెండో అంతస్తు, రెండు గదులు.
ఒక గది దానిదే అంటుంది పైడితల్లి.
కరెంటు బిల్లు చూసి, "లైన్‌మేన్ పెళ్లాన్నయ్యుండి
ఇదేటి నాకు" అని,
ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన కవళ్ల పొట్లం చూసి
రెండ్రోజులు మాటలు మానేసి,
చివరికి కార్తీకం వెళ్లేలోగా ఎవరికైనా ఇచ్చేస్తానని
దేవుడి పటం ముందు నాచేత అనిపించింది.

కార్తీకం కంటే ముందు తుపాను వచ్చింది.

ఒక్క రాత్రిలో స్తంభాలన్నీ అరటిబోదెల్లా వాలిపోయాయి.
తెల్లారేసరికి నేను నిచ్చెన లారీ మీద ఉన్నాను.
ఏ ఫీడరు ముందు, ఏది తర్వాత?
పెద్దాసుపత్రి, మంచినీళ్ల పంపులు, రైల్వే...
తడిసిన కాగితం మీద మా వీధి ఇరవై మూడోది.
ఏఈ గారు పక్కనే టీ తాగుతున్నారు.
అడుగుదామనుకున్నాను.
సార్, మా ఇంట్లో ఒక, అని.
ఒక, ఏమిటి?
గ్లాసు కింద పెట్టి స్తంభం ఎక్కాను.

ఫోన్లు లేవు. ఐదు రోజులు.
తీగ లాగి బిగించినప్పుడల్లా
బుడగలు ఆగిపోయిన నీరు కళ్ల ముందుకొచ్చేది.
ఆసుపత్రిలో దీపాలు వెలిగినప్పుడు
అందరితోపాటు చప్పట్లు కొట్టాను,
కొంచెం ఆలస్యంగా.

ఐదో రాత్రి మెట్లెక్కి తలుపు తోస్తే
కొవ్వొత్తి వెలుగులో పైడితల్లి, స్టూలు మీద.
చెంబు ముంచి, భుజం దాకా ఎత్తి,
టీ కొట్టువాడు టీ తిరగ్గొట్టినట్టు
సన్నటి ధారగా పోస్తోంది తొట్టిలోకే.
ముంచి, ఎత్తి, పోసి. ముంచి, ఎత్తి.
కుడి చెయ్యి వాచి, చెంబు ఎడమ చేతికి మారింది.
కింది ఇంటి బాలింతకి, గుడ్డలు ఉతకడానికి
రోజూ రెండు బకెట్లు ఇచ్చిందట ఇందులోంచే.
నీరు సగానికి దిగిపోయింది.
అది పైకొచ్చినప్పుడల్లా
వీపు రెక్క బయటపడుతోంది.
"నాకు నిద్దరొస్తే అదే లేపింది, తోకతో అద్దం కొట్టి"
అంది, నా వైపు చూడకుండా.
చెంబు తీసుకోబోతే ఇవ్వలేదు.
"మీరు తొంగోండి. మీకు లెక్క తెలీదు.
అరవై పోసి ఆగాలి. నూరు దాకా లెక్కెట్టి మళ్లీ పొయ్యాలి."

ఇప్పుడు కరెంటుంది.
చెంబు మాత్రం తొట్టి పక్క మేకుకే వేలాడుతోంది.
ఇచ్చెయ్యడం సంగతి నిన్న నేనే ఎత్తాను,
భీమిలి దారిలో ఒకాయనకి
పెద్ద సిమెంటు కుంట ఉందట, అని.
పైడితల్లి జవాబివ్వలేదు.
కొంగు కొస పట్టుకుని తొట్టి పొడవు కొలిచింది,
తర్వాత గోడ కొలిచింది,
బీరువా దగ్గరికొచ్చి
దాన్ని ఎటు జరపాలా అన్నట్టు నిలబడింది.

లోపల అది, తోక మడిచి,
ఇటు తిరిగింది.