తువ్వాలు కింద

దామలచెరువు మండీలో
ఇరవైమూడేళ్ళు చిట్టా రాశాను.
ధర పుట్టేది నోట్లో కాదు,
ఎర్రంచు తువ్వాలు కింద, వేళ్ళ మధ్య.
వేలు పట్టుకుంటే వంద,
కణుపు నొక్కితే పది,
విదిలిస్తే కుదరదని.
పైన మాత్రం మొగాలు
వానొస్తుందా రాదా అని మాట్లాడుకుంటుంటాయి.

జిలానీ సాయిబు చేతికి
ఢిల్లీ బజారు ఎండ తెలుసు.
కుప్పమ్మ చేతికి
రాత్రి గాలికి తన తోటలో రాలిన కాయల లెక్క తెలుసు.
ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలీదు.
ఆ తెలీనితనమే
తువ్వాలు కింద మెల్లగా అంకెగా మారి
బయటికొచ్చేది.
మంత్రసాని బిడ్డ బరువు చూసినట్టు
నేను రాసుకునేవాణ్ణి.

ఒక జూన్‌లో జీపెక్కి కాగితం వచ్చింది.
బెంగుళూరా కిలో పదకొండు.
అంతకు తగ్గితే నేరం.
మైకులో చదివారు. చప్పట్లు.
దొరసామి పచ్చకండువా ఎగరేసి
నా వీపు చరిచాడు.
కుప్పమ్మ నవ్వింది.
ఆమెకు ముందరి పళ్ళు లేవని
నాకు అప్పుడే తెలిసింది.

తెల్లారేసరికి
జూసు ఫ్యాక్టరీ గేటుకు తాళం,
తాళానికి అట్టముక్క: మరమ్మత్తు.
రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
నలభై దాకా లెక్కపెట్టి మానేశాను.
ధర ఉంది, గోడమీద, సున్నంతో, ఏనుగంత.
కొనేవాడు లేడు.
మూడో రాత్రికి
కుప్పమ్మ ట్రాక్టరు అడుగునుంచి
రసం కారడం మొదలైంది.
ఈగలకు ఏ జీవో వర్తించదు.
కడుపునిండా తిన్నాయి.

నాలుగో రాత్రి, పాకాల రోడ్డు మలుపులో,
లైట్లార్పిన లారీ పక్కన
ఆమె నాలుగున్నరకు అమ్మేసింది.
ఆ నాలుగున్నర ఏ చిట్టాలోనూ లేదు.
గోడమీద పదకొండు మాత్రం
వానకు కూడా చెదరలేదు.

తులసమ్మ టీబంకు దగ్గర దొరసామితో అన్నాను:
ధరంటే జొరం చూసే గాజుగొట్టం రా.
పాదరసాన్ని వేలితో ఆపితే
ఒళ్ళు చల్లబడుతుందా?

"నీకేమబ్బా" అన్నాడు.
"వందకు పది కమీషను.
టన్నుకు యాభై కిలోలు సూటు.
తువ్వాలు కింద ఎన్ని వేళ్ళు విరిగినాయో
నీ చిట్టా చెప్తాదా?"

చెప్పదు.
సూటు రాసింది నేనే, ఎర్ర ఇంకుతో.
కొనే నలుగురూ ముందురాత్రి
ఒకే చాపమీద కూర్చుంటారనీ తెలుసు,
ఆ చాప పరిచింది కూడా ఒకట్రెండుసార్లు నేనే.
అయినా ఊరుకోలేక అన్నాను:
ఐదోవాడు రాకుండా
ఆ నలుగురికే లైసెన్సు ఇచ్చిందెవరు?
గేటు తియ్. కృష్ణగిరి వాడొస్తాడు,
కోలారు వాడొస్తాడు.

"వచ్చినోడూ ఆ చాపమీదే కూర్చుంటాడు."

నేను జెండాకర్ర అన్నాను.
అతను దళారి అన్నాడు.
టీ మీద మీగడ కట్టింది.
పక్క బెంచీ వాళ్ళు
ఎవరు గెలుస్తారా అని తిరిగి కూర్చున్నారు,
మేం ఏమంటున్నామో వాళ్ళకు పట్టలేదు.

తులసమ్మ భుజం మీంచి తువ్వాలు తీసి
మా మధ్య పడేసింది:
"అరిచేదెందుకు? దానికిందే మాట్లాడుకోండి నాయనా."
తమాషాకే అంది.

మేం నవ్వలేదు.
దొరసామి అరచేతిలో
అంటుకట్టే కత్తి గీసిన పాత గాటు.
ముప్పై ఏళ్ళ స్నేహంలో ఆ చెయ్యి
ఎప్పుడూ పట్టుకోలేదు నేను.
సూటు పోవాలని ఒక కణుపు నొక్కాడు.
ఒప్పుకున్నాను, కొంచెం ఆలస్యంగా.
గోడమీది అంకె పోవాలని నేను నొక్కాను.
విదిలించాడు.
మళ్ళీ తనే పట్టుకున్నాడు.
పైన మా మొగాలు
వానొస్తుందా రాదా అని మాట్లాడుకుంటున్నాయి.

ఇంకా కుదరలేదు.
తులసమ్మ తువ్వాలు అడుగుతోంది,
గ్లాసులు తుడవాలంట.