తోక లేని ఒంటె

తాళ్ళరేవులో ఓడకి అడుగుచెక్క మార్చడానికి
నలభై రోజులన్నాను. యాభై అయింది.
టేకు దుంగ రాలేదు, వచ్చిందేమో చీలింది.
ఆ యాభై రాత్రులూ ఓడ కాపలా వర్సామెది.
వాళ్ళది బెర్బెరా అట. ఆ పేరు నా నోట్లో
బెల్లం ముక్కలా తిరిగేది.

మా ఇద్దరికీ కలిసిన భాష రేవు హిందీ,
సగం తిట్లు, మిగతా సగం లెక్కలు.
చుక్కలకి అందులో మాట లేదు.
అతను వేలు చూపించేవాడు. నేనూ వేలే చూపించేవాణ్ణి.

చుట్టూ రొయ్యల చెరువులు.
తెల్లవార్లూ వెలిగే దీపాల కింద చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటే
ఆకాశం ఉతికి ఆరేసిన గోనెపట్టా.
కరెంటు పోతేనే మాకు చుక్కలు.
ఉగాది ముందు అమావాస్యకి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.

పడమట పిల్లలకోడి దిగుతోంది.
మా పెద్దమ్మ నూకాలు దాని పిల్లల్ని లెక్కపెట్టి
కంటిచూపు పందెం కాసేది.
ముసలితనంలోనూ తనకి ఆరు. నాకిప్పుడు నాలుగు.
వర్సామె "ఉరుర్" అన్నాడు,
రెండు చేతులా ఇసుక దగ్గరికి లాగి కుప్ప చేశాడు.
గుంపు. అంతే. కోడి కాదు.
అతని వైపు చీకట్లో లెక్క చూసుకోవలసినవి
కోళ్ళకన్నా పెద్దవి.

ఉత్తరాన ముసలమ్మ మంచం చూపించాను.
ఇవీ కోళ్ళే, కానీ మంచానివి,
ఆ వెనకాల ముగ్గురూ దొంగలు.
అర్థమయ్యాక పడీ పడీ నవ్వాడు.
మంచం ఎవడెత్తుకెళ్తాడు? ఒంటెనైతే న్యాయం!

అర్ధరాత్రి దక్షిణాన, మడ అడవికి జానెడు పైన,
చుక్కలే లేని నల్లటి చోటు చూడమన్నాడు.
చుక్కల్ని చూస్తూ పెరిగినవాణ్ణి,
నలుపుని చూడమని నాకెవరూ చెప్పలేదు.
చాలాసేపటికి మెడ. తర్వాత మూపురం. మోకాళ్ళు.
తోక లేదు.

ఒకప్పుడు వానలన్నీ దాని వెంటే నడిచేవట.
కరువులో జనం కొండెక్కి
ఒకడి భుజాల మీద ఒకడు నిలబడ్డారట.
పైవాడికి తోక అందింది. కిందివాడి కాలు జారింది.
తోక ఊడి చేతికొచ్చింది. ఒంటె వెళ్ళిపోయింది.

"మరి తోకేమైంది?" అన్నాను.
వడ్రంగి వాణ్ణి, తెగిన ముక్క ఎక్కడ పడిందో చూసుకుంటాను.
అతనికి తెలీదు. వాళ్ళ తాత చెప్పలేదు.

పున్నమికి చంద్రుడు చిత్త పక్కకి చేరాడు.
పెద్దాయన గడప దాటి వచ్చినట్టు
వర్సామె లేచి నిలబడ్డాడు.
"దిరిర్" అని, వేళ్ళన్నీ కిందికి రాల్చాడు.
వాన.
ఆ రెండూ కలిసిన రాత్రి నుంచే
వాళ్ళమ్మ వానకి రోజులు లెక్కపెడుతుందట.

ఆ చుక్క పేరు వింటే నాకు కడుపులో నీళ్ళు కదులుతాయి.
మాకు చిత్త అంటే ఆశ్వయుజం,
సూర్యుడు దాని మీద కూర్చుని
దాన్ని కంటికి కనపడనివ్వని రోజులు.
వాయుగుండం. పాలుపోసుకున్న వరి నీళ్ళలో పడుకోవడం.
నూకాలు కొడుకు వీర్రాజు ఒక చిత్తలోనే
భైరవపాలెం మొగ దాటి వెళ్ళాడు.
పడవ చెక్క ఒకటి వచ్చింది. నా చేత్తో చిత్రిక పట్టిందే.

ఇదంతా చెప్పడానికి రేవు హిందీ సరిపోలేదు.
సరిపోయినా చెప్పేవాణ్ణి కాదేమో.
అతనితో పాటు నేనూ వేళ్ళు రాల్చాను.
కురవనీ. అక్కడ.

ఓడ కదిలిన రోజు పోటు తొందరపెట్టింది.
కట్టుతాడు ముడి ఊడలేదు, బాడిసతో నరికాను.
వర్సామె వెనక గట్టు మీద నిలబడి చెయ్యెత్తాడు,
ఏదో అరిచాడు, ఇంజిను మింగేసింది.
కోరంగి మలుపు దాకా చూశాను.
తర్వాత చూసుకుంటే
తెగిన కొస నా గుప్పిట్లోనే ఉంది,
తడిగా, పీచులు విప్పుకుని.

ఎక్కడ పెట్టాలో తెలీక ఉలుల పక్కన పెట్టాను.
ఆ రాత్రి కరెంటు పోలేదు.